ఒక్క మాస్టారు, అన్ని సబ్జెక్టులు

పదో తరగతి పిల్లవాడికి ఇంటికెళ్లి ఆల్ సబ్జెక్ట్స్ చెప్పే పని కుదిరిందా? శుభం. సాయంత్రం గంటన్నర పని, మధ్యలో టీ. ఈ వృత్తిలో పదికాలాలు నిలవాలంటే కిటుకు ఒక్కటే: పిల్లవాడికి ఏం రాదో మీకు ఎప్పటికీ తెలియకూడదు. తెలిసిందా, నేర్పాల్సొస్తుంది.

కాబట్టి మొదటి రోజే జాగ్రత్తపడండి. పాత పరీక్ష పేపర్లు అడగొద్దు. ఎర్రసిరా సున్నాల్లో వాడి బండారమంతా ఉంటుంది. వాళ్లమ్మగారు ఎలాగూ "మావాడు తెలివైనవాడే సార్, కాన్సన్‌ట్రేషనే లేదు" అంటారు. తలూపి గుర్తుపెట్టుకోండి. నెలాఖరున ఆవిడ మాటే ఆవిడకి అప్పజెబితే "సార్ భలే కనిపెట్టారు" అంటారు.

తర్వాత టైంటేబుల్. స్కేలు పెట్టి గీసి, రంగు పెన్నులతో నింపి, బీరువా తలుపుకి అంటించండి. సోమవారం లెక్కలు, మంగళవారం ఫిజిక్స్. ఫిజిక్స్ రోజున లెక్కల పుస్తకం తియ్యనివ్వకండి. ఇందులో ప్రాణరహస్యం ఉంది, కాస్త వివరంగానే చెబుతాను.

మంగళవారం విద్యుత్తు పాఠం. 2 ఓములు, 3 ఓముల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధమెంత? సూత్రం వాడు గడగడా చెప్పేస్తాడు. లెక్క కూడా వేస్తాడు. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసి, తిరగేసి, 2.5 ఓములంటాడు. అసలు జవాబు 1.2. సమాంతరంగా కలిపితే వచ్చే నిరోధం రెంటిలో చిన్నదానికన్నా తక్కువే ఉంటుంది గనక, 2.5 అనగానే అనుమానం రావాలి. మీకు రాకూడదు. "కరెంట్‌లో వీక్" అని తేల్చి, అలాంటివే ఇంకో పది లెక్కలివ్వండి. దర్పణాల పాఠంలో వస్తుదూరాన్నీ ప్రతిబింబ దూరాన్నీ తలకిందులు చేసి కలిపేటప్పుడు మళ్లీ అదే తప్పు చేస్తాడు. అప్పుడు "కాంతిలోనూ వీకే" అనండి. సోమవారం సంభావ్యతలోనూ అదే జరుగుతుంది. మూడు పాఠాలు, మూడు జబ్బులు, ఒక్కోదానికీ ఎక్స్‌ట్రా క్లాసు. వాడికి రానిది చిన్న తరగతుల్లో నేర్వాల్సిన భిన్నాల కూడిక ఒక్కటేననీ, హారాలు సమానం చేయడం నేర్పితే మూడూ ఒకేసారి కుదుటపడతాయనీ ఎవరికి తెలుస్తుంది? బడిలో లెక్కల సారు వేరు, ఫిజిక్స్ సారు వేరు, వాళ్లకా బెడద లేదు. అన్నీ చూసేది మీరొక్కరే గనక కనిపెట్టే ప్రమాదం మీకే ఉంది. టైంటేబుల్ అందుకే.

పెన్ను ఎప్పుడూ మీ చేతిలోనే ఉండాలి. మీరు చకచకా చేసేస్తుంటే వాడు చూస్తుంటాడు. "అర్థమైందా?" "ఆఁ." అయిపోయింది. పెన్ను వాడికిస్తే మూడో లైన్లో ఆగిపోతాడు, ఎందుకు ఆగాడో మీరు చూడాల్సొస్తుంది. ప్రశ్న వేశాక వాడు నోరు తెరిచేలోపు జవాబు కూడా మీరే చెప్పేయండి. ఇద్దరే ఉన్న గదిలో మౌనం బాగుండదు.

జీవశాస్త్రంలో ద్వివలయ రక్తప్రసరణను గైడులో ఉన్నట్టే బట్టీ పట్టించండి. "మరి చేప గుండెలోంచి రక్తం ఒక చుట్టులో ఎన్నిసార్లు పోతుందిరా?" అని పొరపాటున కూడా అడగొద్దు. (ఒక్కసారే. దాని గుండెకు రెండు గదులే.) వాడు ఆలోచనలో పడితే సిలబస్ ఆగిపోతుంది. ఇంగ్లీషులో అప్పజెప్పింది తెలుగులో చెప్పమనడం అంతకన్నా ప్రమాదం.

తెలుగా? మన భాషే కదా, వదిలేయండి. ఉత్పలమాలకు భరనభభరవ వస్తే చాలు, పద్యపాదమిచ్చి గురులఘువులు పెట్టమనకండి. హిందీకి పాస్ మార్కు 20. పేరే ఎత్తొద్దు.

మీరు బడిలో కూడా టీచరైతే సోషల్‌లో విద్యాహక్కు చట్టం దగ్గర కాస్త వేగంగా పోండి. 2009 నాటి ఆ చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది.

ఫీజు ఎక్కువని వాళ్ల నాన్నగారు గునిస్తే విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ పేరు వాడండి. ఒక్కొక్కరికి విడిగా చెబితే సగటు విద్యార్థి మామూలు తరగతిలో చదివినవాళ్లలో 98 శాతం మందిని మించిపోయాడని 1984లో రాశాడాయన. అక్కడితో ఆపండి. ఆ పిల్లలకు మధ్యమధ్యలో పరీక్షలు పెట్టి, తప్పులు దిద్ది, ఒకటి వచ్చాకే తర్వాతిదానికి వెళ్లారన్న సంగతి నాన్నగారికెందుకు?

రిజల్ట్స్ రోజున మార్కులొస్తే మీ చలవ, రాకపోతే పేపర్ టఫ్. వాడు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే గట్టిగా ప్రోత్సహించండి. భిన్నాలు అక్కడా ఉంటాయి, మీకు ఇంకో రెండేళ్లు ట్యూషన్. రేటు మాత్రం ఇంటర్‌ది చెప్పండి.