ఆప్షన్లు ఎక్స్‌ట్రా

మన రవాణా శాఖ ముందుచూపును మెచ్చుకుంటూ ఎవరూ ఇంతవరకు నాలుగు ముక్కలు రాసినట్టు లేదు. ఆ లోటు నేను తీరుస్తాను. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అని బండి నంబర్లకు కోడ్‌లు ఇచ్చింది ఆ శాఖ. ఖరీదైన కార్ల కంపెనీలు 2025 మోడల్, 2026 మోడల్, 2027 మోడల్ అని ఇప్పుడు హడావిడి పడుతున్నాయి గానీ, మనం ఆ మూడు మోడళ్లనూ కొత్త జిల్లాల పేరిట 2016 దసరా నాడే తెచ్చుకుని గుమ్మడికాయ కొట్టేశాం.

జనగామ అసలు మొదటి బ్రోచర్‌లో లేనే లేదు. కస్టమర్లు రోడ్డెక్కి బందులు, రాస్తారోకోలు చేస్తే గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు ఆఖరి ఘడియలో చేర్చారు. భూపాలపల్లి మోడల్ మరీ పొడుగ్గా వచ్చిందనిపించిందేమో, 2019 ఫిబ్రవరిలో ఒక పక్క విప్పి ములుగు అని ఇంకో జిల్లా కట్టారు. 2024 మార్చిలో అన్నిటికీ కలిపి ఫేస్‌లిఫ్ట్ జరిగింది: టీఎస్ బ్యాడ్జి పీకి టీజీ బిగించారు. ఇంజిన్ అదే. సీట్లూ అవే, వాటిలో కూర్చున్నవాళ్లు మాత్రం అటూ ఇటూ మారారు.

మెర్సిడెస్ వాళ్లు తమ ఈక్యూఎస్ అనే విద్యుత్ కారుకు 2025 మోడల్ పేరిట చేసిన ముస్తాబు కూడా దాదాపు ఇలాంటిదే. ముందు భాగంలో మెరుపు పట్టీలు వేశారు. కొన్ని రకాలకు బానెట్ మీద మూడు కోణాల చుక్కను నిలబెట్టారు. ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు వేసే పెంబర్తి పనివాళ్లు జనగామ పక్కనే ఉన్నారు. అడిగితే ఆ చుక్కకు మకరతోరణం కూడా చేసిచ్చేవాళ్లు. బ్యాటరీని 107.8 యూనిట్ల నుంచి 118 యూనిట్లకు పెంచారు. ఇది అసలైన మార్పు, ఒప్పుకుందాం. వెనక సీటు వాళ్లకు మెడకూ భుజాలకూ వేడి తగిలే ఏర్పాటు పెట్టారు. మే నెలలో భూపాలపల్లి ఓపెన్ కాస్ట్ గని అంచున నిలబడితే ఈ సౌకర్యం మెడకే కాదు, అరికాళ్లకు కూడా ఉచితంగా అందుతుంది. కాపడం పెట్టించుకోవడానికి కోటిన్నర ఖర్చు పెట్టే జాతి ఒకటి ఉందని మా ఓపెన్ కాస్ట్ కార్మికులకు ఇంకా తెలియదు.

ఇదే కారు మన దేశంలో తయారై పుణె దగ్గరి చకన్ ఫ్యాక్టరీ నుంచి 2022 సెప్టెంబర్‌లో మొదటిసారి బయటికొచ్చినప్పుడు ధర కోటి 55 లక్షలు. ఆ వేడుకకు వెళ్లిన కేంద్ర రోడ్ల మంత్రి నితిన్ గడ్కరీ, ఈ కారు నేను కూడా కొనలేను, ఉత్పత్తి పెంచి ధర తగ్గించండని వాళ్ల ముందే అన్నారు. దేశంలో రోడ్లు వేయించే మనిషి ఆ మాటంటే, ఆ రోడ్ల మీద వడ్లు ఆరబోసుకునే మనం నొచ్చుకోవలసిన పని లేదు.

ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చిన విశేషం వేరే ఉంది. దాని బానెట్‌ను కొన్నవాడు తెరవకూడదు. కంపెనీ సర్వీసు వాళ్లు మాత్రమే తెరుస్తారు. అద్దం కడిగే నీళ్లు పోయడానికి పక్కన చిన్న మూత ఒకటి పెట్టారు; యజమాని అధికార పరిధి అంతవరకే. మా మెకానిక్‌కు ఈ సంగతి చెబితే చేతిలోని పానా కింద పెట్టేశాడు.

“అన్నా, బండి ఆగిందనుకో. బానెట్ ఎత్తకపోతే ఏం జూస్తరు?”

“ఫోన్‌లో యాప్ చూస్తారు.”

“యాప్ గూడ ఆగితే?”

“కంపెనీకి ఫోన్ చేస్తారు.”

“అంటే బండి ఆల్లది, కిస్తీలు మనయి.”

వాడు ఎగతాళికి అన్నాడు గానీ, జర్మనీలో వ్యాపారం సరిగ్గా ఆ పద్ధతిలోనే నడిచింది. ఈక్యూఎస్‌కు ముందు చక్రాలతో పాటు వెనక చక్రాలు కూడా తిరుగుతాయి. మామూలుగా నాలుగున్నర డిగ్రీలు. పది డిగ్రీలు తిరగగలిగే యంత్రం కారులోనే ఉండేది, కానీ తాళం వేసి ఉండేది. ఏడాదికి 489 యూరోలు కడితే తాళం తీసేవాళ్లు. అమెరికాలో 2022లో ఇంకో ముచ్చట ప్రకటించారు: ఏడాదికి 1,200 డాలర్లు కడితే కారు వేగం అందుకోవడంలో సెకనులో పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు కలిసొస్తాయని. మోటారు మారదు, బ్యాటరీ మారదు. డబ్బు ముట్టగానే కారుకు హుషారు వస్తుంది. మనకు ఇదేమీ కొత్త సాంకేతికత కాదు. ఫైలుకు హుషారు తెప్పించే పద్ధతి మన ఆఫీసుల్లో ఏనాటి నుంచో ఉంది. బీఎండబ్ల్యూ కూడా సీటు వెచ్చబడటానికి నెలనెలా అద్దె పెట్టి, జనం నవ్విపోయాక 2023లో ఆ సీటు వరకు వెనక్కి తగ్గింది. మన ఆఫీసుల్లో ఏ సీటూ అలా వెనక్కి తగ్గిన దాఖలా లేదు.

మానుకోట అని మనం పిలుచుకునే మహబూబాబాద్‌లో వెనక చక్రాల ఆప్షన్ కచ్చితంగా అవసరమే. వానాకాలం పంట కోతలప్పుడు వచ్చి చూడండి. రోడ్డులో సగం వడ్లు ఉంటాయి. అంచున వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి, రాళ్లకు అవతల టార్పాలిన్ మడిచి ఉంటుంది, దాని మీద ఒక పెద్దమనిషి కునుకు తీస్తుంటాడు. మిగిలిన సగంలో ఎదురుగా హార్వెస్టర్ వస్తుంది. పది డిగ్రీలు చాలవు, కారు పీతలాగా పక్కకు నడవాలి. అప్పుడు కూడా పెద్దమనిషి లేవడు.

టెస్లా వాళ్లు 2025 జులైలో ముంబైలో దుకాణం తెరిచి మోడల్ వై కారుకు దాదాపు 60 లక్షల నుంచి ధర పెట్టారు. అందులో తనంతట తాను నడిచే సామర్థ్యం కావాలంటే ఇంకో ఆరు లక్షలన్నారు. ఆ ఆరు లక్షలు కట్టాక కూడా మనిషి కళ్లు తెరుచుకుని స్టీరింగ్ ముందు కూర్చోవాలి. మిగతాది ముందు ముందు వస్తుంది. ముందు ముందు వచ్చేవాటిలో మానుకోట జిల్లాకు మంచి అనుభవం ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో చూడాలని రాశారు. ఆ కర్మాగారం వస్తుందనుకున్న బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. తర్వాత బయ్యారం జిల్లా మారింది, జిల్లాకు బ్యాడ్జి మారింది, ఆ ఆరు నెలలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. తనంతట తాను నడిచే దాన్ని చూడాలంటే ఆ గడువును చూడాలి.

అదే టెస్లాలో, దుకాణం తెరిచినప్పుడు, బూడిద రంగు ఉచితం, ఎర్ర రంగుకు లక్షా 85 వేలు అదనం అన్నారు. ఇది విని మిర్చి రైతు ఆశ్చర్యపోడు. మార్కెట్ యార్డులో రంగుకు ధర కట్టడం ఆయన ఏటా చూస్తున్నదే. కాకపోతే అక్కడ ఎరుపు బేసిక్ మోడల్‌లోనే వస్తుంది. ఎరుపు తగ్గి తెల్లమచ్చ కనబడితే తాలు అని పక్కకు తోసి సగం ధర కూడా కట్టరు.

ఇప్పుడు పన్ను దగ్గరికి వద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ చేసింది. ఎన్ని బండ్లకని పరిమితి లేదు, ఎంత ధర బండికని కూడా లేదు. ఎలక్ట్రిక్ స్కూటీకి సున్నా, కోటిన్నర కారుకూ సున్నా. సున్నాలో ఉన్న సమానత్వం ఇంకే అంకెలోనూ లేదు. ఆ కోటి 55 లక్షల కారు పెట్రోలుదైతే, 2022 నాటి 18 శాతం లెక్కన చూసినా 27 లక్షల 90 వేలు కట్టాల్సి వచ్చేది. కేసముద్రంలో 80 వేలు పెట్టి పెట్రోలు బండి కొన్న కుర్రాడు మాత్రం 12 శాతం లెక్కన 9,600 కట్టి వచ్చాడు. కాలుష్యానికి శిక్ష అన్నారు. అనుభవించాడు. జీఎస్టీలోనూ అంతే: కారు ఎంత పెద్దదైనా విద్యుత్తుదైతే 5 శాతం.

మిగిలిన డబ్బు ఏం చేస్తారని మీరు అడగొచ్చు. ఫ్యాన్సీ నంబర్ కొంటారు. 2024లో హైదరాబాద్ ఖైరతాబాద్ వేలంలో టీజీ 09 సిరీస్ 9999 నంబరుకు 25 లక్షల పైనే పలికింది. మన మూడు జిల్లాల భూములు అమ్మి కొన్న కార్లు కూడా ఎక్కువగా ఆ 09 ప్లేటుతోనే జాతరలకు వస్తాయి. 25, 26, 27 కోడ్‌లు ట్రాక్టర్లకూ ఆటోలకూ మిగిలాయి.

ఇక కరెంటు. పొగ రాని కారు అంటారు. పొగ వస్తుంది, కాకపోతే గణపురం మండలం చెల్పూరులో వస్తుంది. అక్కడి కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది, భూపాలపల్లి బొగ్గే దాని తిండి. సైలెన్సర్‌ను కారు నుంచి విప్పి ఊరవతల పాతిపెట్టడం కూడా ఒక ఇంజినీరింగే. గచ్చిబౌలిలో కారు నిశ్శబ్దంగా పోతుంది. దాని తాలూకు లారీ భూపాలపల్లి రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోతుంది.

మా బామ్మర్దికి జనగామ బైపాస్ పక్కన రెండెకరాలు బేరం కుదిరేలా ఉంది. కుదిరితే ఆ ఈక్యూఎస్ కారే కొంటానని కూర్చున్నాడు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. పాత బ్యాటరీ నిండాలంటే 36 గంటలు పట్టేది, కొత్త మోడల్‌లో ఇంకో మూడు గంటలకు పైగా అభివృద్ధి జరిగింది. గృహజ్యోతి కింద ఉచితం నెలకు 200 యూనిట్ల వరకే కనుక నెలలో ఒక్కసారి నింపుకోవచ్చు, రెండోసారికి గీత దాటిపోతుంది. పైగా దానికి తెల్లకార్డు ఉండాలి. కార్డు ఉంచుకుని కారు ఎవరి పేరు మీద రాయించాలా అని వాడు ఆలోచిస్తున్నాడు.

ఆలోచిస్తూ ఆలోచిస్తూ బావి దగ్గరికి వెళ్లాడు. సాగు కనెక్షన్‌కు 2018 జనవరి నుంచి 24 గంటలూ ఉచిత కరెంటు కదా, స్టార్టర్ డబ్బా పక్కనే ఒక ప్లగ్గు బిగిస్తే పోలేదా అని. కారు మోటార్ల శక్తి 385 కిలోవాట్లని విని, మా 5 హెచ్‌పీ బోరు మోటార్లు వందకు పైగా కలిస్తే అంత అవుతుందని వేళ్ల మీద లెక్కేసి మీసం దువ్వాడు. ఆ పొలాలకున్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫారం మొన్ననే కాలిపోయింది. పదిమంది రైతులు చందా వేసుకుని, ట్రాక్టర్‌లో తీసుకెళ్లి బాగుచేయించుకొచ్చారు. ఇంకా దాని మీద పసుపు కుంకుమ బొట్లు కూడా చెరగలేదు. స్తంభం దిగుతున్న లైన్‌మన్‌ను పక్కకు పిలిచి బామ్మర్ది మెల్లగా అడిగాడు.

“తమ్మీ, రాత్రి పూట ఒక కారు పెట్టుకుంటే లోడు ఆగుతదా?”

లైన్‌మన్ ట్రాన్స్‌ఫారం వంక ఒకసారి, పొలం వంక ఒకసారి చూశాడు.

“వరి పొట్ట మీదున్నది అన్నా. నీ కారు ఏ దశల ఉన్నది?”