థీసిస్‌లో లేని ప్రశ్న

జర్నలిజంలో పిహెచ్‌డి చేస్తున్నానని పరకాలలో చెప్పుకోవడం మొదలయ్యాక నా నడకే మారింది. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లకు కూడా గేట్‌కీపింగ్ సిద్ధాంతం వినిపించేవాణ్ని. అమెరికాలో డేవిడ్ మానింగ్ వైట్ అనే ఆయన ఒక పత్రిక వైర్ ఎడిటర్‌కు 'మిస్టర్ గేట్స్' అని మారుపేరు పెట్టి, వచ్చిన వార్తల్లో దేన్ని ఎందుకు పక్కన పడేశాడో అతని చేతే రాయించి 1950లో అచ్చువేశాడు. నేను దాన్నే ప్రశ్నావళిగా మార్చి మన మండలాల కంట్రిబ్యూటర్లకు పంచాను. పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను, చెప్పలేను... అన్నీ గడులే.

ఒకప్పుడు నాతో పనిచేసిన తమ్ముడొకడు టిక్కులు పెట్టి కాగితం తిరిగిస్తూ, "అన్నా, గిండ్ల యాడ్ల ముచ్చట ఏడ రాసినవే?" అన్నాడు.

రాయలేదు. వైట్ అడగలేదు గనుక నాకూ తోచలేదు. కంట్రిబ్యూటర్‌గా ఉన్నన్నాళ్లూ పండుగకో లీడర్ పుట్టినరోజుకో యాడ్ తెచ్చి, ఆ కమీషన్‌తో ఇల్లు గడిపి, యాడ్ ఇచ్చినాయన భూమి పంచాయితీ వార్తను మింగేసినవాణ్ని నేను!

సెప్టెంబరు 2 సంగతి ఇంకా సిగ్గుచేటు. 1947లో ఆ రోజు జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం పరకాలకు వస్తే నిజాం పోలీసులు, రజాకార్లు పలువురిని కాల్చి చంపారు. ఇక్కడ అమరధామం కట్టింది ఆ చనిపోయినవాళ్ల కోసమే. ఏటా ఆ తేదీకి డెస్క్ నుంచి ఫోన్ వచ్చేది. పాత కాపీ తీసి, 'నేటికి ఇన్నేళ్లు' అన్న చోట అంకె మార్చి పంపేవాణ్ని. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే కుదరదు. దానికోసం రాత్రుళ్లు కూర్చుని వాక్యాలు తిరగరాశాను. నా సెప్టెంబరు ఐటెంలకు అదే పరీక్ష పెడితే ఒక్కటీ గట్టెక్కదు. కాల్పులు చూసిన ఒక్క ముసలాయన ఇంటి గడపా తొక్కలేదు మరి.

సిద్ధాంతాలు దండగని అనను. వైట్ మంచి పనే చేశాడు, ఒక మనిషి చేత కారణాలు చెప్పించాడు. నేను మాత్రం ఆ సిద్ధాంతం పేరొక్కటి తెచ్చుకుని, అడగడం అక్కడే వదిలేసి వచ్చాను.

పరకాల కాల్పులనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడ్డాయి. కొత్తగా కంట్రిబ్యూటర్లుగా చేరిన తమ్ముళ్లూ, సెప్టెంబరు దాకా ఆగకండి. ఈ వారమే పోయి అడిగి రాసుకోండి.