బీరువా తాళం మేస్టారు

బందరు చుట్టుపక్కల రాయి పుట్టదు. పారతో తవ్వినా ఒండ్రే, గడ్డపారతో తవ్వినా ఒండ్రే. బోరు దించితే ఇసుక, దాని వెనకే ఉప్పునీళ్లు. ఇంటి పునాదికి రాయి కావాలంటే బెజవాడ వైపు నుంచి లారీ రావాల్సిందే. అలాంటి చోట రాళ్లకు కాపలా కాసే మనిషి ఎలా తయారవుతాడో ఊహించుకోండి. ఏ కర్నూల్లోనో పుట్టి ఉంటే మేస్టారు ఇంత బిగుసుకుపోయేవారు కాదని నా అనుమానం.

పాత కాలేజీకొకరు చొప్పున ఇలాంటివారు ఉంటారు. జువాలజీయో జియాలజీయో చెప్పి రిటైరై, అన్నీ అప్పగించి, శిలాజాల బీరువా తాళం ఒక్కటీ అప్పగించరు. అడిగితే "ఇవ్వకేం! రిజిస్టరు సరిచూసుకునే మనిషిని పంపండి" అంటారు. ఆ మనిషి రాడు. తాళం మొలతాడునే ఉంటుంది.

బీరువాలో ఉన్నవి నూజివీడు దగ్గర గొల్లపల్లి ఇసుకరాతిలో పడ్డ టైలోఫిల్లమ్ ఆకు అచ్చులు, రాజమండ్రి పక్క కాతేరు సున్నపురాతి గవ్వలు, ఏనాటిదో ఎక్స్‌కర్షన్‌లో తమిళనాడు అరియలూరు నుంచి ఏరుకొచ్చిన అమ్మోనైట్లనే చుట్టతిరిగిన గుల్లలు. ఒక కొత్త జీవికి పేరు పెట్టేటప్పుడు ఆ పేరు ఏ నమూనాకి ముడిపడుతుందో దాన్ని హోలోటైపు అంటారు. ఆ బీరువాలో హోలోటైపన్నది లేదు. అయినా గోడకు అంటించిన నిబంధనల్లో మొదటిది: "హోలోటైపులు అరువు ఇవ్వబడవు."

గుడివాడ నుంచి ఒక రీసెర్చి కుర్రాడు పొద్దున బస్సుకే దిగాడనుకోండి.

"ఉత్తరం తెచ్చావా బాబూ?"

"ఫోన్ చేశాను కదా సార్."

"ఫోన్ ఫైల్లో పెట్టలేను కదా. మీ గైడు సంతకమేదీ? రాయి నీకిస్తున్నాననుకుంటున్నావా? మీ యూనివర్సిటీకిస్తున్నాను. రేపు నీకు ఉద్యోగమొస్తే ఎటో పోతావు. యూనివర్సిటీ ఎటు పోతుంది?"

ఈ చివరి ముక్క లండన్ మ్యూజియం వాళ్లూ చెబుతారు. అరువు సంస్థకే గానీ మనిషికి కాదు. వాళ్లు చెబితే పద్ధతి, మేస్టారు చెబితే చాదస్తం.

ఉత్తరం దొరికాక సంచి బయట పెట్టాలి. పెన్ను కూడా బయటే, లోపల పెన్సిలే. బల్ల మీద ఆయన భార్య కుట్టిన పాత బొంత పరిచి ఉంటుంది. ఒకసారికి ఒకే అర. రాయిని బొంత మీద నుంచి బెత్తెడు ఎత్తుకు మించి లేపకూడదు. ఎవరైనా ప్రసన్నం చేసుకుందామని తొక్కుడు లడ్డూ తెస్తే వరండాలోనే తినాలి, సబ్బుతో చేతులు కడగాలి, వాసన చూపించాలి. లడ్డూ మాత్రం మేస్టారు కాదనరు.

నాలుక సంగతి వేరే చెప్పాలి. శిలాజమైన ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, నాలుకకు తగిలిస్తే అంటుకుంటుంది. మామూలు రాయి అంటుకోదు. ఫీల్డులో తిరిగినవాళ్లందరికీ ఈ పరీక్ష అలవాటే. ఓసారి పెద్ద ప్రొఫెసరుగారొకరు మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక ఎముక ముక్కను నోటి దాకా తీసుకెళ్లారు. "నాలుక లోపలికి పెట్టండి సార్" అన్నారు మేస్టారు, తరగతిలో అన్నట్టే. ఆయన పెట్టేశారు.

అంతకన్నా ప్రమాదం బ్రష్షుది. గుడివాడ, బంటుమిల్లి ఊళ్ల పేర్లు చమురు వెతికేవాళ్ల పటాల్లో గ్రాబెన్ల పేర్లుగా ఉంటాయి. గ్రాబెన్ అంటే భూమి లోపల కుంగిన పల్లం. అక్కడ బావి దించితే లోతు నుంచి వచ్చే మట్టిలో ఫొరామినిఫెరా గుల్లలు దొరుకుతాయి. ఇసుక రేణువంత ఉంటాయి, వాటిని బట్టే పొర వయసు లెక్కగడతారు. సన్నటి బ్రష్షు తడిపి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే ఎత్తాలి. తడి కోసం గిన్నెలో నీళ్లున్నా చెయ్యి నోటికే పోతుంది. "కోట్ల ఏళ్లు భూమిలో భద్రంగా ఉన్నది నీ కడుపులోకి పోతే రిజిస్టర్లో ఏమని రాయను?" అని మేస్టారి ప్రశ్న.

రాయి కన్నా ఆయనకు చీటీ ప్రాణం. అమ్మోనైటు మీద ఓ మూల గోళ్లరంగు చుక్క పెట్టి, అది ఆరాక దాని మీద ఇండియన్ ఇంకుతో నంబరు వేస్తారు. ఆ రంగు ఇంకును రాతిలోకి దిగకుండా కాస్తుంది, కావాలంటే తుడిచెయ్యొచ్చు. ఫ్యాన్సీ షాపువాడు "ఏ షేడండీ?" అంటే తెల్లబోయే రోజులు ఎప్పుడో పోయాయి. బందరు ఉప్పుగాలి ఇంకో శత్రువు. పైరైటు పట్టిన శిలాజం తేమకు పొడిపొడి అవుతుంది, అందులోంచి పుట్టే ఆమ్లం పక్కనున్న చీటీని కూడా తినేస్తుంది. అందుకని సిలికా జెల్ పొట్లాలు, అవి తడిశాయేమోనని రోజూ చూడటం.

చీటీ పోతే ఏమవుతుందంటే ఆయన 1989 కథ ఎత్తుకుంటారు. హిమాలయాల్లో దొరికాయని పంజాబ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడొకరు ఏళ్ల తరబడి రాసిన శిలాజాల్లో కొన్ని మొరాకో సరుకులా ఉన్నాయని జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 'నేచర్'లో బయటపెట్టాడు. రాళ్లు అసలువే, ఊరు అబద్ధం. ఈ కథ విన్న తర్వాత నేను మేస్టారి పక్షానికి వచ్చేశాను, గోళ్లరంగుతో సహా.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికింది, జియాలజిస్టు యాదగిరిగారు 1988లో పేరు పెట్టారు. మేస్టారు చూసొచ్చారు. ఎలా ఉందని అడిగితే, "తోక పిల్లలకు అందుతుందేమో చూశాను" అన్నారు.

అరువు రిజిస్టర్లో "తిరిగి వచ్చిన తేదీ" గడిలో ఖాళీలున్నాయి. ఒక గవ్వ రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు వెళ్లింది, 2014 తర్వాత అది పొరుగు రాష్ట్రం సొత్తులా కూర్చుంది. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అంటూ సంస్థల పంపకాలు పేపర్లో వచ్చినప్పుడల్లా మేస్టారు కళ్లజోడు తుడుచుకుని చదువుతారు, గవ్వ పేరుందేమోనని.

ఇంతటి మనిషి దగ్గరికి దివిసీమ నుంచి, నాగాయలంక అవతలి రైతు ఒకాయన చెరువు తవ్వకంలో పడ్డ పెద్ద ఆల్చిప్ప తెచ్చారు. "కోటి ఏళ్లుంటదాండీ?" అన్నారు. మేస్టారు తిప్పి చూసి, "కోటి లేదు, గీటి లేదు. సముద్రం వెనక్కి పోతూ వదిలిన దిబ్బల్లోది. వేలల్లో ఉంటుందేమో. నాలుగు రోజులు ఉంచి వెళ్లండి, చూసి చెబుతాను" అన్నారు.

"మావాడి స్కూలు ప్రాజెక్టుకండీ. రసీదేమన్నా ఇస్తారా?"

"నేనుండగా రసీదెందుకండీ!"

ఆ కుర్రాడు ఇంజినీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి ఇప్పటికీ బందరు వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నారు. ఆల్చిప్పకు గోళ్లరంగు చుక్కా పడింది, నంబరూ పడింది. మొన్న సంక్రాంతికి ఆయన కాస్త గట్టిగానే అడిగితే మేస్టారు తాళం మొలలోకి దోపుకుని, "అలాగే తీసుకెళ్లండి, దానికేం! మీవాడి హెడ్మాస్టరుగారి చేత ఒక ఉత్తరం పెట్టించండి" అన్నారు.