గొడుగు క్రింది ఎడారి

ఎండమావిని చూచి నీరని భ్రమించుట లేళ్లకు సహజమని పెద్దలు చెప్పుదురు. నీటిలో నిలుచుండి ఎడారి యని భ్రమించు విద్య మాత్రము సింగపూరున మా పాసిర్ రిస్‌లో, అందును నేల అంతస్తున వాకిలి గల గృహస్థులలో, ఈ మధ్య వర్ధిల్లుచున్నది. అనంతపురము వైపునుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన మా మిత్రులొకరు, తమ వాకిట నున్న నాలుగు గజముల పచ్చికను నీరు త్రాగు రాక్షసి యని నిందించి పెరికించి, ఆ స్థలమున సీడమ్ మొదలైన, జానెడైనను పైకి లేవక నేలనంటి ప్రాకు దళసరి ఆకుల మొక్కలను పరపించి, దానికి 'నీళ్లక్కరలేని తోట' యని నామకరణము గావించి, వచ్చిన అతిథికెల్ల కాఫీకంటె ముందుగా దానినే చూపింపసాగిరి.

ఇచ్చట నొక సంగతి మనవి చేయవలెను. మా పొరుగుననే యున్న చాంగీ వాతావరణ కేంద్రపు లెక్కల ప్రకారము ఏటేట సగటున సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన కురియును. ఏడాదిలో సుమారు 170 దినములు వానదినములే. అనంతపురమున 550 మిల్లీమీటర్లు కురిసిన ఏడు మంచి యేడు. అచ్చట వీరి తండ్రిగారు వాన కొరకు వరుణజపము చేయించిరి. పుత్రరత్నము ఇచ్చట, చూరునుండి ధార కారుచుండగా, వాన లేకున్నను బ్రదుకగల మొక్క కొరకు అంగళ్లన్నియు గాలించుచున్నారు.

ఈ మతమునకు మూలపీఠము అమెరికాలోని డెన్వరు. 1981లో ఆ నగరపు నీటిసంస్థవారు, పొడి యను నర్థమిచ్చు గ్రీకు పదమును పట్టి 'జీరిస్కేప్' అను మాటను కల్పించిరి. అనంతపురముకంటెను తక్కువ వాన కురియు ఆ యూరికి అది తగిన మాటయే. మందు మంచిదే; రోగి వేఱు.

ఈ మొక్కల సంసారమెట్టిదనగా, పగటియెండలో నీరు ఆవిరియగునను భయమున ఆకురంధ్రములు మూసికొని, ప్రొద్దు క్రుంకి చల్లబడిన పిమ్మట తెరచి, బొగ్గుపులుసు గాలిని లోనికి గొని పులుపుగా మార్చి దాచుకొని, తెల్లవారిన తరువాత ఆ నిలువతో వంట చేసికొనును. ఇంత పొదుపరి యిల్లాలికి చల్లని రాత్రి, పొడినేల కావలెను. ఇచ్చటి రాత్రి ఇంచుమించు 25 డిగ్రీలు. గాలియో, పిండని తడిబట్ట. మొదటివారము తోట ముత్యాలపేరువలె మెఱసెను. రెండవవారము సుమాత్రా దిక్కునుండి తెల్లవారుజామున గాలివాన యొకటి విరుచుకొనిపడెను. మూడవనాటికి ఆకులు ఉడికిన వంకాయ ముక్కలైనవి. వ్రేలితో తాకినచో కాడనుండి జాఱిపోవుచుండెను.

మిత్రులు ధైర్యము వీడలేదు. మన్నంతయు తీయించి, ఓడలపై వచ్చిన నురుగురాయిని పోయించిరి. అదియు చాలకపోగా, వాన పడకుండ తోటకంతకు పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుల కప్పు వేయించిరి. కప్పు వేసిన పిదప వాన పడదు గదా. కావున వారమునకు రెండుమారులు కుళాయినీటిని పిచికారీతో, కంటిమందు వేసినంత భక్తితో, చల్లుచున్నారు. గాలియాడుటకు పంకా పెట్టిరి. ఈ విధముగా, ఆకాశము ఉచితముగా పోయు నీటిని అడ్డగించి, మీటరు తిరుగు నీటిని కొని పోసి, నీళ్లక్కరలేని తోట పెంచబడుచున్నది.

"ఏమండీ, ఇది వృథా శ్రమ కాదా?" అని నేనొకనాడు అడుగగా, వారికి దేశభక్తి పొంగెను. ఈ దీవికి నాలుగు జాతీయ కుళాయిలు: సొంత వాననీరు, పొరుగుదేశపు జోహోరునుండి వచ్చు నీరు, శుద్ధిచేసి తిరిగి వాడు నీరు, ఉప్పు తీసిన సముద్రజలము. జోహోరు నీటికి 1962 నాటి ఒడంబడిక కలదు. దాని గడువు 2061. ఆ గడువును నాలుగు గజముల సీడమ్‌తో ఎదుర్కొనుచున్నట్లు వారి ముఖవర్చస్సు! మొదటి కుళాయి తమ ప్లాస్టిక్ కప్పుమీదనే దడదడ మ్రోగుచున్నదని చెప్పబోయితిని. ఆ చప్పుడులో నా మాట వినబడలేదు.

"2014 మరచితిరా?" అని వారు గద్దించిరి. మరువలేదు. ఆ యేడు జనవరి 13 మొదలు ఫిబ్రవరి 8 వరకు ఈ దీవిన ఇరువదియేడు దినములు వానలేక పచ్చికలు పండిపోయినవి. అనంతపురమున ఇరువదియేడు దినములు వానలేకుండుటకు ప్రత్యేకమైన పేరు లేదు.

నేలనంటి ప్రాకు దళసరి ఆకుల మొక్కలపై నాకు వైరము లేదు. పాసిర్ రిస్ ఉద్యానవనమున మడచెట్ల చెంత, ఉప్పునీరు వచ్చిపోవు తావున, ఎఱ్ఱని కాడలతో, చిన్న గులాబీరంగు పూలతో సముద్రపు పావిలి తనంతట తాను ప్రాకుచుండును. మన కోస్తావారు దానినే వంగరెడ్డికూర యందురు. దానికి నురుగురాయి లేదు, కప్పు లేదు, పంకా లేదు. ఉద్యానవనమున ఆకు కోయుట చట్టరీత్యా నేరము గావున, దానిని చూచి నోరూరించుకొనుటయే కాని వేఱు గతి లేదు.

ఇంతకంటె ఘోరమొకటి కలదు. మిత్రుల నురుగురాళ్ల సందులలో, ఎచ్చటినుండి వచ్చినదో, మన పావిలికూర మొలచినది. వానకు కుళ్లదు, ఎండకు వాడదు, నేలవిడిచి లేవదు. వారు కోరిన సద్గుణములన్నియు దానియందు గలవు. దానికి ధర లేదు, చీటీపై లాటినుపేరు లేదు. కావున ప్రతి యాదివారము కలుపని పెరికి చెత్తబుట్టలో వేయుచున్నారు. అయ్యా, ఇది చదువుచున్నచో ఈ వారము దానిని పారవేయకుడు. పదవ అంతస్తునకు పంపుడు. కందిపప్పు పొయ్యిమీద నున్నది.