మెట్ల కింద దొరికిన జవాబు

1765 డిసెంబరు. పారిస్‌లో ఎముకలు కొరికే చలి. కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో సెదేన్ అనే రచయిత రాసిన కొత్త నాటకం ఆడుతోంది. దాని పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే ‘తనకే తెలియని తత్త్వవేత్త’. మొదటి ప్రదర్శన అంతంతమాత్రంగా నడిచింది. రెండో ప్రదర్శనకు జనం బ్రహ్మరథం పట్టారు.

ఆ నాటకం ఏమైపోతుందోనని మథనపడిన ఒక పెద్దమనిషికి మర్నాడు పొద్దున్నే ఇంట్లో కాలు నిలవలేదు. బాడుగ గుర్రబ్బండి ఎక్కి, సెదేన్ ఉంటాడనుకున్న చోటల్లా వెతికాడు. ఎక్కడో సెంత్-ఆంత్వాన్ పేట చివర ఉన్నాడని తెలిసి, బండిని అక్కడికే పోనిమ్మన్నాడు. మనిషి కనబడగానే మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకున్నాడు. గొంతు పెగల్లేదు. కన్నీళ్లు బుగ్గల మీదుగా కారిపోతున్నాయి.

సెదేన్ కదల్లేదు, చలించలేదు. ఏడుస్తున్న ఆ ముఖాన్ని నిదానంగా చూసి, ఇప్పుడు మీరు ఎంత అందంగా ఉన్నారో అన్న అర్థంలో ఒక్క మాటన్నాడు. అంతే.

ఏడ్చిన పెద్దమనిషి దెని దిదెరో. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడు. ప్రభుత్వం నిషేధించినా, తోటి సంపాదకుడు మధ్యలో తప్పుకున్నా, 17 సంపుటాల వ్యాసాలు, 11 సంపుటాల చిత్రపటాలు పూర్తిచేసి గాని వదలని మొండివాడు. ఆ పొద్దుటి సంఘటన ఆయన మనసులో నాటుకుపోయింది. కరిగి కన్నీరైపోయిన తాను మామూలు మనిషి, ఆ కన్నీటిని కూడా నిలకడగా చూడగలిగిన సెదేన్ అసలైన ప్రతిభావంతుడు అని తేల్చుకున్నాడు. గొప్ప నటుడు, గొప్ప కవి తమ ఉద్వేగంలో తాము కొట్టుకుపోరని ఆయన కట్టిన సిద్ధాంతానికి ఇది కళ్లారా చూసిన ఉదాహరణ.

కొన్నాళ్లకు నెకెర్ ఇంట విందు. బ్యాంకు వ్యాపారంలో బాగా గడించిన నెకెర్ తర్వాతి కాలంలో ఫ్రాన్స్ ఖజానాను చూసుకున్నవాడు. ఆయన భార్య నడిపే గోష్ఠికి పారిస్‌లో పేరున్న రచయితలంతా వచ్చేవారు. భోజనాల బల్ల దగ్గర దిదెరో సెదేన్ కథ చెప్పాడు. వింటున్నవాళ్లలో మార్మోంతెల్ ఉన్నాడు. కథలు, నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నవాడు, ఫ్రెంచి అకాడమీ సభ్యుడు, దిదెరోకు ఇష్టుడు కూడా. కథ వినగానే అతను ఎకసెక్కెంగా ఒక మాట విసిరాడు. వోల్టేర్ ఏదైనా జాలికథ వింటేనే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు కదా, ఎదురుగా స్నేహితుడు ఏడుస్తున్నా సెదేన్ చలించలేదు కదా, ఈ లెక్కన వోల్టేర్ సామాన్యుడు, సెదేన్ మహామేధావి అన్నమాట!

దిదెరోకు నోట మాట రాలేదు. తనలాంటి సున్నితమైన మనిషి ఎదుటివాడి ఆక్షేపణలోనే మునిగిపోతాడనీ, బుర్ర మళ్లీ పనిచేసేది మెట్లు దిగి కిందికి చేరాకేననీ ఆయనే తర్వాత ‘నటుడి గురించిన విరోధాభాస’ అనే రచనలో రాసుకున్నాడు. భాగ్యవంతుల ఇళ్లలో విందు జరిగేది పై అంతస్తులో. మెట్ల కిందికి వచ్చేశామంటే ఇంట్లోంచి బయటపడ్డట్టే. అప్పుడిక జవాబు దొరికినా చెప్పడానికి ఎదురుగా మనిషి ఉండడు.

ఆ మెట్లలోంచి ఫ్రెంచివాళ్లు ఒక జాతీయం తీసుకున్నారు: ఎస్ప్రి ద లెస్కల్యే. మెట్ల మీద తట్టిన చమత్కారం అని. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రెంచిలోనే ఉంచి వాడుకుంటున్నారు. జర్మన్లు ట్రెప్పెన్‌విట్స్ అని తమ మాటల్లో పోతపోసుకున్నారు. 1882లో హెర్ట్‌స్లెట్ అనే రచయిత చరిత్రలో చలామణీ అయ్యే కట్టుకథల మీద రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టాక, జర్మన్‌లో ఆ మాటకు విధి చేసే వెక్కిరింత అన్న అర్థం కూడా తోడైంది. యిడ్డిష్‌లో ట్రెప్‌వెర్టర్, అంటే మెట్ల మాటలు. రష్యన్లకూ ఇలాంటి మాటే ఉంది.

ఇన్ని భాషలు దాన్ని ఎందుకు పిలిచి పీట వేశాయో చెప్పనక్కర్లేదు. పెళ్లి భోజనాల బంతిలో ఎవరో నలుగురిలో ఒక మాట అంటారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అద్దిరిపోయే జవాబు తడుతుంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డంగా ఏదో అడిగితే తడుముకోకుండా బదులిచ్చే అవధానికి చప్పట్లు కొట్టే జాతి మనది. ఆ సమయస్ఫూర్తి మనకు అక్కరకు రానప్పుడు మిగిలే బాధ ఎంతటిదో తెలుసు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇంతకీ దిదెరోకు తట్టిన ఆ జవాబు ఏమిటి? జాతీయం వాడేవాళ్లలో ఎంతమంది ఆ పేజీలో ఇంకో నాలుగు వాక్యాలు చదివి ఉంటారు?

అది మార్మోంతెల్ పరువు తీసే చమత్కారమై ఉంటుందని అనిపిస్తుంది. మొదటి వాక్యంలో కాస్త చురక ఉన్న మాట నిజమే. సెదేన్ నడిచే దారిలోనే నడుస్తున్న మీరు, అతని విలువ తేల్చే పని ఇంకొకరికి వదిలేస్తే బాగుండేదని. ఆ తర్వాతిదంతా సెదేన్ గురించే. వోల్టేర్, మీరు, నేను హోమర్‌నూ వర్జిల్‌నూ సిసిరోనూ చదువుకుంటూ గడిపిన కాలంలో ఈ మనిషి 35 ఏళ్లు గచ్చు కలిపాడు, రాళ్లు కొట్టాడు. ఆ ఏళ్లన్నీ అతనికీ చదువుకే దక్కి ఉంటే ఆ తలలోంచి ఇంకేమేం పుట్టుకొచ్చేవో చెప్పగలరా? ఇదీ దిదెరో అడగాల్సిన ప్రశ్న.

సెదేన్ తాపీమేస్త్రి. తండ్రి చితికిపోతే తల్లినీ తమ్ముళ్లనూ పోషించడానికి ఉలి, సుత్తి పట్టాడు. పనిచోట పుస్తకం చదువుతూ కనబడ్డ అతన్ని బ్యూరాన్ అనే వాస్తుశిల్పి చేరదీశాడు. ఆ మేలు సెదేన్ మరిచిపోలేదు. బ్యూరాన్ మనవడిని ఆదుకున్నాడు. ఆ మనవడే తర్వాత ఫ్రాన్స్ అంతా మెచ్చిన చిత్రకారుడు జాక్ లూయీ దవీద్.

దిదెరో మటుకు ఎవరు? లాంగ్ర్ ఊళ్లో కత్తులు చేసే ఇంట పుట్టినవాడు. చేతిపనివాళ్ల పనులకు పండితుల గ్రంథంలో చోటు పెట్టినవాడు. ఆయన విజ్ఞాన సర్వస్వంలో రాళ్లు కోసే విధానానికీ తాపీపనికీ పెద్దపెద్ద పటాలున్నాయి. రాళ్లు కొట్టిన రచయిత తరఫున ఆ బల్ల దగ్గర నోరు తెరవడానికి ఆయనకన్నా తగినవాడు లేడు. సరిగ్గా అక్కడే నోరు పెగల్లేదు. మనల్ని ఎవరైనా అంటే, జవాబు ఆలస్యమైనందుకు నష్టపోయేది మనమే. ఇంకొకరి కోసం చెప్పాల్సిన జవాబు ఆలస్యమైతే నష్టం ఆ ఇంకొకరిది.

దిదెరో 1784లో చనిపోయాడు. మరో రెండేళ్లకు, 66 ఏళ్ల వయసులో, సెదేన్‌ను ఫ్రెంచి అకాడమీ తీసుకుంది. అప్పటికి దాని శాశ్వత కార్యదర్శి మార్మోంతెల్. సెదేన్ 1797లో, మార్మోంతెల్ 1799లో, నెకెర్ 1804లో పోయారు. మెట్ల కింద తట్టిన ఆ జవాబు ఉన్న రచన అచ్చయింది 1830లో.

ఆ పేజీలోంచి లోకం మెట్లను తీసుకుంది, మేస్త్రిని వదిలేసింది. నెకెర్ ఇంట ఆ పూట సెదేన్ కోసం నోరు మెదపలేకపోయింది ఒక్క దిదెరో. ఆ మౌనానికి పేరు పెట్టుకుని, సెదేన్ పేరు ఎత్తకుండా వాడుకుంటున్నవి ఇన్ని భాషలు.