ఒకానొక విండోస్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్

ప్రతిపదార్థం: డబ్ల్యూఎస్ఎల్ = విండోస్ లోపల లినక్స్‌కు చోటిచ్చే ఉపవ్యవస్థను; -- = అడ్డగీతల జంట, దీనికి వేరే అర్థం లేదు గాని లేకపోతే కుదరదు; ఇన్‌స్టాల్ = స్థాపించుము. ‘ఓ విండోసూ’ అనే సంబోధనను, ‘అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరిచిన పవర్‌షెల్ యందు’ అనే అధికరణాన్ని అధ్యాహారం చేసుకోవాలి. కంప్యూటరును ఒకసారి రీస్టార్ట్ చేయడం ఫలశ్రుతిలో భాగం.

అవతారిక: ఈ సూత్రానికి అధికారి ఎవరంటే, విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండి, దాని మీదే నోడ్, పీహెచ్‌పీ, పైథాన్ వంటి ఓపెన్ సోర్స్ సరంజామాతో వెబ్‌సైటు కట్టబూనినవారు. ప్రయోజనం ఏమంటే, రాసేది విండోస్ మీద, అది నడిచే సర్వరు చాలామటుకు లినక్స్ మీద కాబట్టి, ఆ రెంటి మధ్య తేడాలు సైటు ఎక్కించే రోజున కాక మొదటి రోజునే బయటపడటం. పాఠాంతరాలూ ఉన్నాయి. 2021కి ముందు ఇదే సూత్రం దీర్ఘపాఠంలో ఉండేది: రెండు విండోస్ ఫీచర్లను విడివిడిగా ఆన్ చేయాలి, రీస్టార్ట్ కొట్టాలి, కెర్నల్ ప్యాకేజీ దించుకోవాలి, రెండో వెర్షన్‌ను డిఫాల్ట్ చేయాలి, ఆపైన స్టోరు నుంచి ఉబుంటు తెచ్చుకోవాలి. అంతకన్నా ప్రాచీనమైన శాఖ 2002 నాటి జాంప్‌ది. అపాచీ, డేటాబేసు, పీహెచ్‌పీ, పెర్ల్ అన్నీ ఒకే మూటలో కట్టి ఇచ్చింది. 80వ పోర్టును అప్పటికే ఇంకో ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంటే అపాచీ లేవదు. ఆ శాఖీయులు నేర్చే తొలి పాఠం అదే.

ఇక పూర్వపక్షం. శుద్ధాద్వైతులు ఇలా అంటారు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నేర్వదలచినవాడు యాజమాన్య హక్కుల కొట్టులో కూర్చోవడమేమిటి, విండోస్‌ను తుడిచేసి లినక్స్ వేసుకోవచ్చుగా? వినసొంపైన వాదమే. కానీ లైసెన్సు అంటుకునేది కోడుకు; కింద ఏ సిస్టమ్ ఉందన్న ఊసు దానికి లేదు. ఎంఐటీ లైసెన్సు గాని, జీపీఎల్ గాని, ‘నీవు దీన్ని ఎక్కడ టైపు చేశావు’ అని అడగవు. పైగా రెండు లోకాల రాకపోకల వల్ల ఓపెన్ సోర్స్ బాగుపడిన ఉదాహరణలున్నాయి. నోడ్ 2009లో పుట్టినప్పుడు యూనిక్స్ జాతి సిస్టమ్‌ల మీదే నడిచేది. దాన్ని 2011లో విండోస్‌కు తేవడానికి పూనుకున్నప్పుడు, రెండు పక్షాల ఇన్‌పుట్ అవుట్‌పుట్ పద్ధతులనూ ఒకే కప్పు కిందికి తెచ్చే లిబ్‌యూవీ లైబ్రరీ పుట్టింది. ఇవాళ లినక్స్ సర్వర్ల మీద నడిచే నోడ్ కూడా దాని మీదే నిలబడింది. శుద్ధాద్వైతుల మాటే సాగి ఉంటే ఆ లైబ్రరీ అవసరమే పడేది కాదు. ఇదిగాక, ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లోనే కాలేజీ ప్రాజెక్టులూ, ఇంటి లెక్కలూ, అక్కయ్య పెళ్లి ఫొటోలూ ఉన్నప్పుడు, హార్డ్ డిస్కు తుడిచెయ్యమనే గురువు దగ్గర శిష్యులు ఎంతమంది మిగులుతారు?

దీనికి ఎదురుగా లౌకికుల పూర్వపక్షం: అయితే ఈ సూత్రమూ వద్దు, నేరుగా విండోస్‌లోనే చేసుకుంటే పోలా? ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగక తప్పదు, ఎందుకంటే దోషమంతా కంటికి కనిపించని అక్షరాల్లో ఉంది. మొదట పెద్దబడి, చిన్నబడి గొడవ. ఫోల్డరులో బొమ్మ పేరు పెద్ద హెచ్‌తో ‘హెడర్’ అని ఉంది, పేజీలో చిన్న హెచ్‌తో రాశారు. విండోస్ మామూలుగా ఈ రెంటినీ ఒకటిగానే చూస్తుంది కాబట్టి ఇంట్లో బొమ్మ చక్కగా వస్తుంది. లినక్స్ సర్వరుకు అవి రెండు వేర్వేరు పేర్లు. అక్కడ బొమ్మ ఉండాల్సిన చోట 404. తరువాత పంక్తి ముగింపు. విండోస్ ప్రతి పంక్తి చివరా రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. షెల్ స్క్రిప్టు మొదటి పంక్తి చివర ఆ అదనపు గుర్తు మిగిలిపోతే, లినక్స్ దాన్ని కూడా ప్రోగ్రాం పేరులో కలిపేసుకుని, అలాంటి ప్రోగ్రామేదీ లేదని తెగేసి చెబుతుంది. చూసేవాడికి పేరు సరిగ్గానే కనిపిస్తుంటుంది! పాణినీయులు లోపాన్ని ఎరుగుదురు, ఆగమాన్ని ఎరుగుదురు. అదృశ్యాగమం మాత్రం మనకాలపు వింత. గిట్ అట్రిబ్యూట్స్ ఫైలులో ఒక్క పంక్తి రాసి పెడితే ఇది కుదురుతుంది గాని, రాయాలని తెలియాలంటే ముందు ఒకసారి దెబ్బ తగలాలి. అసలు లినక్స్ కెర్నలే పక్కన నడుస్తుంటే ఆ దెబ్బ ఇంట్లోనే తగులుతుంది.

వార్తికం ఒకటి చేర్చాలి. సూత్రం ఫలించాక కూడా చాలామంది ప్రాజెక్టును పాత సీ డ్రైవులోనే ఉంచి, లినక్స్ వైపు నుంచి దాన్ని తెరుస్తారు. రెండో వెర్షన్‌లో ఆ సరిహద్దు దాటడం ఖరీదైన పని. ఎన్‌పీఎం వేలకొద్దీ చిన్న ఫైళ్లు దించేటప్పుడు ప్రతి ఫైలూ ఆ గేటు దాటాలి. ప్రాజెక్టు లినక్స్ హోం ఫోల్డరులో ఉంటే ఈ నత్తనడక ఉండదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఇంకా మిగిలే ఉంది: ఈ ఔదార్యం ఎవరి కోసం? 2001లో మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. 2014లో మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల ఆ పీఠమెక్కి, అదే ఏడాది మా కంపెనీకి లినక్స్ అంటే ప్రేమ అని ప్రకటించారు. ప్రేమకు హేతువు వెతకడం టీకాకారుల దురలవాటు. ఇక్కడ అది దొరుకుతుంది కూడా, ఎందుకంటే ఆ కంపెనీ క్లౌడులో అద్దెకిచ్చే సర్వర్లలో లినక్స్‌వి బోలెడు. ఆ ఔదార్యానికి హద్దులూ ఉన్నాయి: వారి ఎడిటరు వీఎస్ కోడ్ సోర్సు ఎంఐటీ లైసెన్సుతో తెరిచే ఉన్నా, మనం దించుకునే తయారీ ప్రతి మీద ఉండేది మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు. ఆ ఎడిటరును డబ్ల్యూఎస్ఎల్‌కు కలిపే ఎక్స్‌టెన్షన్ ఓపెన్ సోర్స్ కాదు. గిట్‌హబ్‌ను 2018లో 750 కోట్ల డాలర్లకు కొన్నది వారే. మన సూత్రంలోని డబ్ల్యూఎస్ఎల్ కూడా 2016లో వచ్చింది గాని, దాని సోర్సు తెరుచుకున్నది 2025లో. కనుక ఆక్షేపణలో సగం నిజమే, దాన్ని కాదనడం కుదరదు.

సిద్ధాంతం: అద్దె ఇంట్లో వండినంత మాత్రాన అన్నం ఓనరుది కాదు. చూడవలసింది ఖాళీ చేసే రోజున గిన్నెలు మనతో వస్తాయా అన్నదే. దీనికి పరీక్ష ఉంది. ఉత్త లినక్స్ మెషీను మీద ఆ ప్రాజెక్టును క్లోన్ చేసి, రీడ్‌మీలో ఉన్న ఆదేశాలు తప్ప ఇంకేమీ వాడకుండా లేపి చూడాలి. లేస్తే, కింద ఎవరి ప్లాట్‌ఫాం ఉన్నా ఆ పని ఓపెన్ సోర్సే. సెట్టింగుల ఫైలులో ఎక్కడో సీ డ్రైవు చిరునామా దొరికి పడిపోతే, ఎంత ఉదారమైన లైసెన్సు తగిలించినా అది విండోస్‌కు తాకట్టులోనే ఉంది. ఈ పరీక్ష నెలకోసారి పెట్టుకునేవారికి శుద్ధాద్వైతుల శాపమూ తగలదు, కంపెనీ ప్రేమా తగలదు.

ఉత్తర సూత్రం: రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు తెరుచుకుని యూజర్ పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. పాస్‌వర్డు టైపు చేస్తున్నప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు. దీనిపై వ్యాఖ్యాతలందరిదీ ఏకాభిప్రాయం: కీబోర్డు చెడలేదు, ఎంటర్ నొక్కవచ్చు.