ఒక్క పాయింటుకు అష్టదిక్కులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 3.5 ఎడిషన్‌లో ఎర్ర డ్రాగన్‌కు పన్నెండు వందల ఏళ్లు దాటితే గ్రేట్ వర్మ్ అంటారు. 660 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే విసురు అందుకోవాల్సిన అంకె) 41. దాని పొలుసుల్లోకి కత్తి దిగాలంటే వీరుడికి తలప్రాణం తోకకొస్తుంది. యాసిడ్ సీసా పట్టుకొచ్చిన వాడికి మాత్రం ఆ బాధ లేదు. సీసా ఒంటికి తగిలి పగిలితే చాలు కనుక, పొలుసుల మందం మొత్తం కొట్టేస్తారు. ఒళ్లు మరీ పెద్దదన్న 8 కోత ఆ 41లో ముందే ఉంది. మిగిలేది 2.

అదే సీసాను నేల మీద గడులు కలిసే మూలకు గురిపెట్టండి. ఆ మూల ఆర్మర్ క్లాస్ 5.

రాజ్యాలను బూడిద చేసే డ్రాగన్ కంటే సుద్దముక్కతో గీసిన గీతల కూడలి గట్టిదన్నమాట. పెద్ద ఒంటిని కొట్టడం తేలికే కదా అని నియమాల పండితులు సమర్థిస్తారు. సమర్థించనివ్వండి. గాఢనిద్రలో ఉన్న మనిషికీ ఒంటికి తగిలితే చాలనే టచ్ లెక్కలో అదే 5. పడుకున్నవాడూ, వాడు పడుకున్న నేలా సమానమే. ఇందులో వేదాంతం ఉందేమో కానీ ఆట లేదు.

ఇంకాస్త లెక్క వేద్దాం. యాసిడ్ సీసా ధర 10 బంగారు నాణేలు, దెబ్బ ఆరు ముఖాల పాచిక మీద పడినంత. డ్రాగన్ యాసిడ్‌కు లొంగని ప్రాణి కాదు. గురి పాచిక మీద 1 పడి తప్పే వాళ్లను కూడా కలుపుకుంటే, సుమారు 200 మంది రైతులు తలో సీసా విసిరితే ఆరు సెకన్లలో పని అయిపోతుంది. దాన్ని చూడగానే పారిపోకుండా నిలబడితేనే అనుకోండి. చాలెంజ్ రేటింగ్ 26 ఉన్న ప్రాణిని చంపడానికి ఏళ్ల తరబడి లెవెళ్లు ఎక్కుతున్న వీరులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కాకపోతే పనితనం తెలియని కూలివాడికి ఆ లోకంలో రోజుకు ఒక వెండి నాణెమే. ఒక్కో సీసాకు వంద రోజుల కూలి పెట్టగలిగే రైతు డ్రాగన్ జోలికి ఎందుకెళతాడు, హాయిగా వడ్డీ వ్యాపారం చేసుకుంటాడు.

తగిలిన సీసా సంగతి ఇంతే. తగలని సీసా దగ్గరే గ్రంథకర్తల అసలు ప్రతిభ బయటపడుతుంది. ఎనిమిది ముఖాల పాచిక వేయాలి. 1 పడితే సీసా విసిరినవాడి వైపే తక్కువ దూరంలో పడింది. 2 నుంచి 8 వరకు గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టుకోవాలి. తర్వాత విసురు ఎన్ని రేంజ్ ఇంక్రిమెంట్ల (దూరపు అంచెల) దూరమో అన్ని గడులు జరపాలి. సరిహద్దు రాయి కోసం గొలుసు పట్టుకుని తిరిగే సర్వేయరులా ఆట నడిపే డంజన్ మాస్టర్ పటం మీదకు వంగుతాడు. అష్టదిక్కులూ వెతికి సీసా పడిన చోటు ఖాయం చేస్తే, చుట్టుపక్కల గడుల్లో ఉన్నవాళ్లకు తగిలే దెబ్బ ఎంత? ఒకటి. యుద్ధం ఆగిపోయి, టీ చల్లారిపోయి, ఒకటి!

అదైనా సరిగ్గా పంచారా అంటే అదీ లేదు. చిందు దెబ్బ "పక్క గడుల్లో" ఉన్నవాళ్లకు అని రాశారు. సీసా సరిగ్గా ఎవడి నెత్తిన పగిలిందో వాడి మాట ఎత్తలేదు. అక్షరం పట్టుకుని వాదించే ఆటగాడు ప్రతి బల్ల దగ్గరా ఒకడుంటాడు. వాడికి ఆ రాత్రి పండగే. ఇక మన గ్రేట్ వర్మ్ ఆక్రమించేది 36 గడులు. నడుముకు గురిపెట్టిన సీసా తప్పి ఒక గడి పక్కన పడితే, అదీ డ్రాగన్ వీపే. డ్రాగన్ మీద పడి డ్రాగన్‌కు తగలని సీసా!

ఈ బాధ పడలేక 2014లో ఐదో ఎడిషన్ వాళ్లు చిందునే ఎత్తేశారు. ఇప్పుడు సీసా భళ్లున పగిలినా పక్కవాడి మీద చుక్క పడదు. ఇలాగే విసిరే మంటల సీసా ఆల్కెమిస్ట్ ఫైర్ ధర మాత్రం 20 నుంచి 50 బంగారు నాణేలకు ఎగబాకింది. పాత పుస్తకంలో ఆ మంట రెండో రౌండుతో తనంతట తానే ఆరిపోయేది, చెరువులో దూకినా ఆరిపోయేది. 2014 పుస్తకంలో డెక్స్‌టెరిటీ పాచిక 10కి చేరేదాకా మండుతూనే ఉండేది. చెరువు ఊసే లేదు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019), ఇదే తరహా మరో ఆట, కొంత నయం. గురి మరీ ఘోరంగా తప్పితే తప్ప చిందు దెబ్బ తగిలి తీరుతుంది, దిక్కులు వెతికే పని లేదు. మూడు పుస్తకాల్లోకీ నేను బల్ల మీదకు తెచ్చేది ఇదే. డైస్ తక్కువ, కేకలు ఎక్కువ.

అయినా 3.5లోని పవిత్ర జలాన్ని మించిన వినోదం మరెక్కడా దొరకదు. ఒళ్లు లేని దెయ్యం మీద విసిరితే సీసా పగలదు కనుక, దాని పక్కకే వెళ్లి, మూత తీసి, మీద పోయాలి. అలా చేయి చాపి పోయడాన్ని దూరం నుంచి చేసే దాడి కింద రాసుకోవాలి. ఆ నీళ్ల తయారీకి అర్చకుడు వాడేది 5 పౌన్ల వెండి పొడి, విలువ 25 బంగారు నాణేలు. గుడివాళ్లు అమ్మేది కూడా సరిగ్గా 25కే, పైసా లాభం చూసుకోరట. ఇంతకీ నిండు సీసా బరువు 1 పౌను. మిగతా వెండి ఏ దిక్కుకు చిందిందో తేల్చడానికి మాత్రం పాచిక వేయమని ఏ పేజీలోనూ రాయలేదు.